ఒక్క లాటిన్ క్రియను పట్టుకుని ఐరోపా భాషలన్నీ తిరిగి రావడం ఎలా

ఫ్రెంచో, స్పానిషో, జర్మనో మొదలుపెట్టినవాళ్ళు కొన్ని నెలలయ్యాక అడిగేది ఒకటే: ఇన్ని మాటలు ఎలా గుర్తుపెట్టుకోవాలి మేడమ్? నేను హైదరాబాద్‌లో ఇంటి దగ్గరే ఫ్రెంచ్ చెప్తాను. జర్మనీలో నర్సు ఉద్యోగాల కోసం జర్మన్ నేర్చుకుంటున్న పిల్లలు కూడా అప్పుడప్పుడు సందేహాలు అడగడానికి వస్తుంటారు. అందరికీ నేను చెప్పేది ఇదే: లిస్టులు బట్టీ పట్టకండి. ఒక్క లాటిన్ క్రియను తీసుకోండి. అది ఏ దేశంలో ఏమైందో, ఎందుకలా అయిందో చివరిదాకా వెంబడించండి. పని నెమ్మదిగా సాగుతుంది, కాదనను. కానీ ఆ ఒక్క క్రియ నడిచిన దారుల్లోనే మిగతా మాటలు కూడా నడిచాయి కాబట్టి, రెండో క్రియ దగ్గరకి వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

మొదటిసారి చేసేవాళ్ళకి నేను ఇచ్చే క్రియ 'కపెరె'. అంటే పట్టుకోవడం, తీసుకోవడం. ఇదే ఎందుకంటే, దీని పిల్లలు ఇప్పటికే మన నోట్లో ఉన్నాయి. పెళ్ళి రిసెప్షన్, ఊళ్ళో మున్సిపాలిటీ, కాలేజీ ప్రిన్సిపాల్, ఆఫీసులో పర్చేజ్ ఆర్డర్, మందుల షాపులో క్యాప్సూల్, క్రికెట్‌లో క్యాచ్. ఇవన్నీ ఆ ఒక్క క్రియ సంతానమే.

ముందుగా ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, పేజీని అడ్డంగా తిప్పి, పైన ఈ నాలుగు రూపాలూ రాయండి: కపియో, కపెరె, కేపీ, కప్తుమ్. వరసగా 'పట్టుకుంటాను', 'పట్టుకోవడం', 'పట్టుకున్నాను', 'పట్టుకోబడింది'. లాటిన్ నిఘంటువులో క్రియ 'నేను' రూపం కింద ఉంటుంది. అంటే కపెరె కోసం వెతికితే దొరకదు, కపియో దగ్గర చూడాలి. కొత్తవాళ్ళు ఇక్కడే టైమ్ పోగొట్టుకుంటారు. ఉచ్చారణ మాత్రం తెలుగు లిపిలోనే రాసుకోండి. లాటిన్‌లో హ్రస్వ దీర్ఘాలు ముఖ్యం, మనకి ఎ-ఏ, ఒ-ఓ విడివిడిగా ఉన్నాయి కాబట్టి కపెరెలో పొట్టి ఎ, కేపీలో పొడుగు ఏ ఉన్నవి ఉన్నట్టు పెట్టుకోవచ్చు. అలా రాసుకుంటే మళ్ళీ చదివేటప్పుడు సందేహమే రాదు.

నాలుగింటిలో మనకి ఎక్కువ పని పడేవి రెండు: కపెరె, కప్తుమ్. ఫ్రెంచ్, స్పానిష్ క్రియలు చాలావరకు మొదటిదాని నుంచి, '-షన్' అని ముగిసే నామవాచకాలు రెండోదాని నుంచి వచ్చాయి.

తర్వాతి పని, క్రియ ముందు ఉపసర్గ చేరితే ఏమవుతుందో చూడటం. సంస్కృతంలో హృ ధాతువు ముందు ప్ర, వి, సం, ఆ చేరితే ప్రహారం, విహారం, సంహారం, ఆహారం అయినట్టే లాటిన్‌లోనూ రె, కోన్, దే, ఇన్, అద్, ఎక్స్ లాంటివి చేరతాయి. కాకపోతే చేరగానే కపెరెలోని 'అ' మారిపోతుంది. ప్రాచీన లాటిన్‌లో మాటకి మొదటి అక్షరం మీద ఒత్తు పడేది. అందుకని తర్వాతి అచ్చు బలహీనపడింది. దాని వెనక ఒక్క హల్లే ఉంటే 'ఇ' అయింది, రెండు హల్లులుంటే 'ఎ' దగ్గర ఆగింది. కాబట్టి కపెరె కాస్తా రెకిపెరె, కప్తుమ్ కాస్తా రెకెప్తుమ్. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే 'కప్', 'కిప్', 'కెప్త్' అనే మూడు రూపాలూ ఒకే ఇంటివని కంటికి తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో క్యాప్చర్, ఇన్సిపియెంట్, కాన్సెప్ట్ పక్కపక్కన రాసి చూడండి, మూడూ వరసగా కనిపిస్తాయి.

ఇప్పుడు దేశాలకి వెళ్దాం. రోమన్లు పోయాక మామూలు జనం నోట్లో మాటలు అరిగాయి. అరగడం ఇష్టం వచ్చినట్టు జరగలేదు, ప్రతి భాషకీ ఒక పద్ధతి ఉంది. రెండు అచ్చుల మధ్య ఉన్న 'ప' ఫ్రెంచ్‌లో 'వ' అయింది, స్పానిష్, పోర్చుగీసుల్లో 'బ' అయింది. అందుకే రెకిపెరె ఫ్రెంచ్‌లో రసెవ్వార్, స్పానిష్‌లో రెసిబిర్, పోర్చుగీసులో రెసెబెర్. ఇది నిజంగా సూత్రమేనా అని అనుమానం వస్తే వేరే మాటతో పరీక్ష పెట్టండి. లాటిన్‌లో సపెరె (తెలియడం) ఫ్రెంచ్‌లో సవ్వార్, స్పానిష్‌లో సబేర్. సరిపోయింది. ఇటాలియన్‌లో 'ప' చాలాచోట్ల అలాగే నిలిచింది: సపేరె, కపీరె. రిచేవెరెలో మాత్రం 'వ' అయింది. ఇలాంటివి ఎదురైతే కంగారు పడొద్దు, పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్ళండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఒకటుంది. స్పానిష్ నేర్చుకునేవాళ్ళు కబేర్ అనే క్రియ దగ్గర తిట్టుకుంటారు. 'పట్టడం' అని అర్థం, అంటే సంచిలో సామాన్లు పట్టడం, కారులో మనుషులు పట్టడం. 'నేను ఇందులో పట్టుతాను' అనాలంటే 'కబో' అనరు, 'కేపొ' అంటారు. పుస్తకాలు దీన్ని అపవాదం (సూత్రానికి లొంగని రూపం) అని రాసి వదిలేస్తాయి. నిజానికి ఇది ఎంతో బుద్ధిగా నడుచుకున్న రూపం. కపియోలో చివర ఉన్న 'ఇ' ఎగిరి 'ప'కి ముందుకు వచ్చింది: కాయ్‌పో. ఆ 'ఆయ్' కాలక్రమంలో 'ఏ' అయింది: కేపొ. మధ్యలో యకారం అడ్డు ఉండబట్టి 'ప' కూడా 'బ' కాకుండా బతికిపోయింది. ఇదంతా ఊహేనా అంటే, పక్కనే ఉన్న పోర్చుగీసులో ఇవాళ్టికీ 'కాయ్‌బు' అంటారు. స్పానిష్ దాటి వచ్చేసిన మజిలీ పోర్చుగీసులో అలాగే నిలిచి ఉంది. సపెరెకీ ఇదే జరిగింది: స్పానిష్‌లో సేప, పోర్చుగీసులో సాయ్‌బ. ఈ నాలుగింటినీ ఒక చతురస్రంలా రాసుకోండి. అపవాదం అని భయపెట్టిన రూపాలు ఇక జన్మలో మర్చిపోరు.

ఆ తర్వాత ప్రతి మాట పక్కనా 'త' అనో 'ద్భ' అనో రాయమంటాను. తత్సమం, తద్భవం. ఈ రెండూ మనకి బడిలోనే తెలుసు: ముఖం తత్సమం, మొగం తద్భవం. ఐరోపాలోనూ ఇదే కథ, ఒక్క తేడాతో. మనకి రెండూ సంస్కృత ప్రాకృతాల నుంచి తెచ్చుకున్నవి. ఫ్రెంచ్‌కి తద్భవాలు సొంత ఆస్తి, లాటినే నోటి మీద అరిగి ఫ్రెంచ్ అయింది కదా. తత్సమాలు మాత్రం తర్వాత పండితులు లాటిన్ పుస్తకాల్లోంచి తెచ్చి పెట్టినవి. రసెవ్వార్ తద్భవం, రెసెప్సియోన్ తత్సమం. రెకుపెరారె అనే లాటిన్ మాట (పోయినదాన్ని మళ్ళీ పట్టుకోవడం) తద్భవంగా రకూవ్రే అయింది, తత్సమంగా రెక్యుపెరే అయింది. ఇంగ్లిష్ రెండింటినీ తీసుకుని రికవర్, రికూపరేట్ అంటోంది. మాట పొట్టిగా, అరిగిపోయి, రోజువారీ వాడుకలో ఉంటే ముందు తద్భవం అనుకోండి. పొడుగ్గా, నిఘంటువు వాసన వేస్తుంటే తత్సమం అనుకోండి. తర్వాత నిఘంటువులో సరిచూసుకోండి.

ఈ తేడా తెలియకపోతే కప్తీవుస్ అనే మాట దగ్గర దారి తప్పుతాం. లాటిన్‌లో బందీ అని అర్థం, మన చెరపట్టడమే. స్పానిష్‌లో కౌతీవో ఇప్పటికీ బందీయే. ఫ్రెంచ్‌లో తత్సమం కప్తీఫ్ కూడా బందీయే. కానీ ఫ్రెంచ్ తద్భవం షెతీఫ్ అంటే బక్కచిక్కినవాడు, రోగిష్టి. చెరలో ఉన్నవాడు దీనుడు, దీనుడు బలహీనుడు, అలా జారింది. ఇటాలియన్‌లో కత్తీవో అంటే ఏకంగా చెడ్డవాడు. క్రైస్తవ రచనల్లో 'సైతానుకి బందీ అయినవాడు' అనే మాట ఉండేది. అందులోంచి సైతాను జారిపోయి బందీ మిగిలాడు, ఆ బందీ దుర్మార్గుడయ్యాడు. ఒక మనిషిని కట్టేసిన పాపానికి భాష అతన్నే చెడ్డవాణ్ణి చేసింది. ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు మనసు అదోలా అవుతుంది.

ఇంగ్లిష్ దగ్గర ఇంకో కిటుకు కావాలి. ఫ్రెంచ్‌లో 'అ' ముందున్న 'క' మొదట 'చ' అయింది, 13వ శతాబ్దం నాటికి 'ష' వైపు జారింది. ఉత్తరాన నార్మండీ, పికార్డీ మాండలికాలు మాత్రం 'క'ని అలాగే ఉంచాయి. కపెరె నుంచి పుట్టిన కప్తియారె అనే వాడుక మాట (వేటాడటం) పారిస్ వైపు చాసియేర్ అయింది, నార్మన్ల నోట కచియేర్ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచారు. ముందు వాళ్ళ మాట వచ్చింది: క్యాచ్. తర్వాత పారిస్ వైపు మాట వచ్చింది: చేజ్. ఒకే మాట రెండు గుమ్మాల్లోంచి వచ్చి రెండు మాటలైంది. అసలు ఫ్రెంచ్‌లో ఇవాళ షసే అంటారు, స్పానిష్‌లో కసార్, ఇటాలియన్‌లో కచ్చారె. పర్చేజ్ కూడా ఇక్కడిదే. వెంటపడి సాధించడం అనే అర్థం కొనడం దాకా వచ్చింది. ఫ్రెంచ్ పుర్షసే మాత్రం ఇంకా వెంటపడటం దగ్గరే ఉంది.

'చ', 'ష' తేడాతో అరువు వచ్చిన కాలం కూడా పసిగట్టవచ్చు. మనం పోలీస్ చీఫ్ అంటాం, హోటల్లో షెఫ్ అంటాం. రెండూ ఒకే ఫ్రెంచ్ మాట. 'చ' ఉన్నప్పుడు తీసుకున్నది చీఫ్, 'ష' అయ్యాక తీసుకున్నది షెఫ్. ఇవి కపెరె పిల్లలు కావు, 'కపుత్' (తల) పిల్లలు. వాటి గురించి కాసేపట్లో చెప్తాను.

అర్థాల సంగతికొస్తే తెలుగువాళ్ళం అదృష్టవంతులం. మన 'పట్టు' క్రియ కపెరె చేసే పనులన్నీ చేస్తుంది. దొంగని పట్టాడు, ఈ డబ్బాలో ఇంత బియ్యం పట్టదు, విషయం పట్టేశాడు, కొత్త పని చేపట్టాడు. స్పానిష్ కబేర్ డబ్బాలో పట్టడం. ఇటాలియన్ కపీరె విషయం పట్టడం, అంటే అర్థం కావడం. జర్మన్లు కూడా మాటల్లో 'కపీర్ట్?' అంటారు, అర్థమైందా అని. రొమేనియన్ ఇంచెపె పని మొదలుపెట్టడం. ఇంగ్లిష్‌వాడికి ఇవన్నీ ఒక క్రియలోంచి ఎలా వచ్చాయో విడమరిచి చెప్పాలి, మనకి అక్కర్లేదు. అయితే పట్టుకీ కపెరెకీ చుట్టరికం ఉందని మాత్రం అనుకోవద్దు. మనుషుల ఆలోచన ఒకే దారిలో నడిచింది, అంతే. అర్థం కలిసినంత మాత్రాన మూలం కలవదు. అలాగే మూలం కలిసినా అర్థం కలవకపోవచ్చు. ఇంగ్లిష్ డిసీవ్ మోసగించడం, అదే మూలం ఉన్న ఫ్రెంచ్ దెసెవ్వార్ నిరాశపరచడం. పరీక్షల్లో దీనికి మార్కులు పోతుంటాయి.

డాక్టర్ చీటీ తీసి చూడండి. మందుల పేర్ల ముందు కాలికి అడ్డగీత ఉన్న ఆర్ అక్షరం ఉంటుంది. అది 'రెకిపె' అనే లాటిన్ ఆజ్ఞకి పొట్టి రూపం: తీసుకో! పాత వైద్యులు 'ఫలానా దినుసు ఇంత తీసుకో' అని చీటీ మొదలుపెట్టేవాళ్ళు. ఆ ఆజ్ఞే ఇంగ్లిష్‌లో రెసిపీ అయి వంటింట్లోకి వెళ్ళింది. జర్మన్‌లో రెత్సెప్ట్ అంటే వంట విధానమూ అదే, మందుల చీటీ కూడా అదే. నర్సింగ్ పిల్లలకి ఇది చెప్పగానే ముఖాలు వెలుగుతాయి, వాళ్ళకి రోజూ పనికొచ్చే మాట కదా. ఇంగ్లిష్ రిసీట్ కూడా ఈ కుటుంబమే. అందులో పలకని 'పి' ఉంటుంది, గమనించారా? ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు ఆ 'పి' లేదు. లాటిన్ మూలం కనపడాలని చదువుకున్నవాళ్ళు తర్వాత చేర్చారు. డిసీట్, కన్సీట్ కూడా అలాంటి మాటలే, వాటికి మాత్రం చేర్చలేదు. స్పెల్లింగ్ బీ పిల్లల తల్లిదండ్రులకి ఇది ఉపయోగపడవచ్చు.

రోమన్ చట్టంలోంచి వచ్చినవి వేరే పేజీలో పెట్టుకోండి. మనుస్ అంటే చేయి. చేత్తో పట్టుకుని సొంతం చేసుకున్నది మన్కిపియుమ్. బానిసలు, పశువులు, భూమి చేతులు మారాలంటే ఐదుగురు సాక్షులూ త్రాసు పట్టుకునే ఒక మనిషీ ఉండాలి, కొనేవాడు వస్తువుని చేత్తో పట్టుకోవాలి. కన్నకొడుకు కూడా తండ్రి అధికారం కిందే ఉండేవాడు. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి పన్నెండు ఫలకాల చట్టం ప్రకారం తండ్రి కొడుకుని మూడుసార్లు అమ్మితే కొడుకుకి విడుదల. ఆ పట్టులోంచి బయటికి రావడమే ఇమాన్సిపేషన్. బానిస అనే అర్థంతో మొదలైన అదే మాట స్పానిష్‌లో మన్సేబొ అయి పడుచువాడు అనే అర్థానికి వచ్చింది. మూనుస్ అంటే బాధ్యత, దాన్ని చేపట్టినవాళ్ళ ఊరు మూనికిపియుమ్, మన మున్సిపాలిటీ. ప్రీముస్ అంటే మొదటి, మొదటి స్థానం పట్టినవాడు ప్రిన్‌కెప్స్. అందులోంచే ప్రిన్స్, ప్రిన్సిపాల్.

ఇక ఉచ్చులు. ఇక్కడ తొందరపడితే చేసిందంతా వృథా.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు కపుత్. క్యాపిటల్, కెప్టెన్, చాప్టర్ చూడటానికి కపెరె బంధువుల్లా ఉంటాయి కానీ తల అనే మాట నుంచి వచ్చాయి. మరీ కష్టమైనవి '-సెప్స్'తో ముగిసేవి. ఫోర్సెప్స్ కపెరెదే: వేడి వస్తువుని పట్టుకునే పటకారు. బైసెప్స్ మాత్రం కపుత్‌ది: రెండు తలల కండరం. ముగింపు చూసి చెప్పలేం. షష్ఠీ విభక్తి రూపం చూడాలి. ఫోర్సెప్స్‌కి 'ఫోర్‌కిపిస్', బైసెప్స్‌కి 'బికిపితిస్'. 'ఇపిత్' అని కనిపిస్తే తల, కనిపించకపోతే పట్టు. అదే లెక్కన ప్రిసెప్ట్ పట్టుది, ప్రెసిపిటేషన్ తలది, తలకిందులుగా పడటం.

ఇంటి దగ్గరి ఉచ్చు రసీదు. రిసీట్ లాగే పలుకుతుంది, అర్థమూ అదే. అయినా ఏ సంబంధమూ లేదు. రసీదు పారశీకం నుంచి వచ్చింది, 'రసీదన్' అంటే చేరడం. డబ్బు చేరింది అని రాసిచ్చిన కాగితం. క్యాష్ ఇంకా చిత్రం. మనం వాడే క్యాష్, లాటిన్ కప్స (పెట్టె, ఇది కపెరె కూతురే) నుంచి వచ్చింది. కానీ ఇంగ్లిష్‌లో తూర్పుదేశాల చిన్న నాణేలని క్యాష్ అన్నప్పుడు అది పోర్చుగీసుల చేతుల మీదుగా వెళ్ళిన మన దక్షిణాది కాసు.

జర్మన్ నేర్చుకునే పిల్లలందరూ పడేది హాబెన్ దగ్గర. ఒకమ్మాయి "లాటిన్ హబేరె, జర్మన్ హాబెన్, రెండూ కలిగి ఉండటమే కదా మేడమ్, ఒకటేగా?" అని గట్టిగా వాదించింది. కాదు. 1822లో జర్మన్ భాషా పండితుడు యాకోబ్ గ్రిమ్ వివరించిన సూత్రం ప్రకారం లాటిన్ 'క'కి జర్మానిక్ భాషల్లో 'హ' రావాలి: కోర్ను-హార్న్, కెంతుమ్-హండ్రెడ్. లాటిన్ 'హ'కి 'గ' రావాలి: హోస్తిస్-గెస్ట్. అంటే హబేరెకి హాబెన్ చుట్టం కాలేదు. 'క'తో మొదలయ్యే మాట కావాలి, అది మన కపెరెయే. జర్మన్ హాబెన్, హేబెన్ (ఎత్తడం), ఇంగ్లిష్ హ్యావ్, హీవ్, అన్నీ ఇటువైపువే. ఇవి లాటిన్ నుంచి తీసుకున్నవి కావు, లాటిన్‌కి తోబుట్టువులు. కాగితం మీద వేరే రంగుతో రాయండి. ఆ అమ్మాయి ఆ రోజు తనే కోర్ను దగ్గర నుంచి ఒక్కో జతా పలికి చూసుకుని ఒప్పుకుంది. మద్రాసులో 1816లో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ ధాతువులని పక్కపక్కన పెట్టి తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని చూపించింది కూడా ఇలాంటి ఓపికతోనే.

సరిచూసుకోవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఫ్రెంచ్‌కి సీఎన్‌ఆర్‌టీఎల్ సైట్‌లో ప్రతి మాటకీ వ్యుత్పత్తి, మొదటిసారి రాతలో కనిపించిన కాలం ఉంటాయి. స్పానిష్‌కి రాయల్ అకాడమీ ఆన్‌లైన్ నిఘంటువు లాటిన్ మూలాన్ని ఒక్క ముక్కలో చెప్తుంది. ఇంగ్లిష్‌కి ఎటిమాన్‌లైన్ చాలు. మాట ముందు నక్షత్రం గుర్తుంటే, ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదు, పండితులు లెక్క కట్టి చెప్పారు అని అర్థం. ఆ నక్షత్రాన్ని మీ నోట్‌బుక్‌లోకి కూడా ఎక్కించండి.

కపెరె పేజీ నిండాక 'ఫకెరె' (చేయడం) మొదలుపెట్టండి: ఫకియో, ఫకెరె, ఫేకీ, ఫక్తుమ్. ఉపసర్గ చేరితే 'ఫిక్', 'ఫెక్త్' అవుతాయని ఇప్పుడు మీకే తెలుసు. ఫ్యాక్టరీ, ఆఫీస్, పర్ఫెక్ట్, డిఫెక్ట్, ప్రాఫిట్ అన్నీ అందులో ఉన్నాయి. స్పానిష్‌లో ఇది అసేర్ అయింది. రాసేటప్పుడు ముందు హెచ్ ఉంటుంది, పలకరు. ఆ 'ఫ' ఎటు పోయిందో కనుక్కోవడంతో మొదలుపెడితే బాగుంటుంది.